‘జ్ఞా’ మీద పడిన నింద

2018 ఫిబ్రవరి మధ్యలో ప్రపంచమంతా ఒక్కసారిగా మన తెలుగు అక్షరం గురించి మాట్లాడుకుంది. మన భాషకు ఏదో కొత్త గౌరవం దక్కిందని మాత్రం కాదు. ‘జ్ఞా’ అనే అక్షరం మెసేజిలో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ అక్కడికక్కడే మూతపడిపోతోందని! ఇటలీలో మొబైల్ వరల్డ్ వాళ్ళు ముందుగా బయటపెట్టిన ఈ వార్త రెండు మూడు రోజుల్లో అమెరికా అంతా పాకింది. ఫోనుని పడగొట్టే తెలుగు అక్షరం అన్న అర్థం వచ్చేలా శీర్షికలు పెట్టారు. వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ లాంటివన్నీ ఆ దెబ్బ తిన్నవే. నోటిఫికేషన్‌లో ఆ అక్షరం కనిపిస్తే కొన్ని ఫోన్లు మళ్ళీ మళ్ళీ ఆగిపోయి తెరుచుకునేవి. ఆఫీసుల్లో మనవాళ్ళని పట్టుకుని, “ఏమిటయ్యా మీ అక్షరం?” అని అడిగినవాళ్ళు ఎందరో.

జ్ఞానానికి, జ్ఞాపకానికి, విజ్ఞానానికి మూలమైన అక్షరం మీద ఇలాంటి నింద పడటం విచిత్రమే. ఆ నింద న్యాయమైనదేనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే, ప్రోగ్రాములో పురుగుని వెతికి పట్టే విద్య ఎక్కడ పుట్టింది, ఎలా పెరిగింది, మన జేబులోని ఫోను దాకా ఎలా వచ్చింది అన్న కథ కొంత తెలియాలి. ఈ సభలకు వచ్చినవారిలో ఆ విద్య మీదే సంసారం ఈదుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళని చూడటానికి ఇండియా నుంచి వచ్చి, “రాత్రింబవళ్ళు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని ఏం చేస్తావురా?” అని అడిగే అమ్మానాన్నలూ ఉన్నారు. ఈ నాలుగు మాటలూ ఇద్దరి కోసమూ రాస్తున్నాను.

పురుగు ఎక్కడిది?

యంత్రంలో లోపాన్ని ‘బగ్’ అనడం కంప్యూటర్ల కంటే పాతది. థామస్ ఎడిసన్ 1878లో రాసిన ఒక ఉత్తరంలోనే ఆ మాట ఉంది. కొత్తగా కనిపెట్టిన పరికరంలో తొంగిచూసే చిన్న చిన్న లోపాలని ఆయన బగ్స్ అన్నాడు. అంటే పురుగులని.

ఆ తర్వాత నిజం పురుగే దొరికింది. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్ 2 అనే కంప్యూటర్‌ని పరీక్షిస్తున్నారు. ఇప్పటి కంప్యూటర్లలో ఉండే చిప్పులు అప్పుడు లేవు. టకటకమని కొట్టుకునే రిలేలే ఉండేవి. 70వ నంబరు రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుపోయి ఉంది. అక్కడివాళ్ళు దాన్ని బయటికి తీసి, లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి, నిజంగా పురుగు దొరకడం ఇదే మొదటిసారి అన్న అర్థం వచ్చేలా కింద ఒక వాక్యం రాశారు. ‘నిజంగా’ అన్న ఆ మాటలోనే ఉంది చమత్కారమంతా. ‘బగ్’ అన్న మాట అప్పటికే అందరి నోళ్ళలోనూ నానుతోంది కాబట్టే ఆ హాస్యం పండింది. ఆ పురుగుని పట్టింది నావికాదళ అధికారిణి గ్రేస్ హాపర్ అని చాలాచోట్ల రాస్తుంటారు. ఆవిడ ఆ బృందంలో ఉన్నారు. ఆ కథని సభల్లో పదే పదే చెప్పి లోకానికి చాటింది కూడా ఆవిడే. పురుగుని తీసింది మాత్రం ఆవిడ కాదు. ఆ లాగ్ పుస్తకం వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ చరిత్ర మ్యూజియం సొత్తు.

పురుగు ఉన్నాక పురుగుమందు ఉండాలి కదా? మసాచుసెట్స్‌లోని ఎమ్.ఐ.టి.లో టీఎక్స్-జీరో అనే కంప్యూటర్ ఉండేది. అందులో తప్పులు వెతకడానికి రాసిన ప్రోగ్రాముకి ‘ఫ్లిట్’ అని పేరు పెట్టారు. అది ఆ రోజుల్లో ఇంటింటా వాడే పిచికారీ మందు పేరు. 1961లో అక్కడికే పీడీపీ-1 అనే కొత్త కంప్యూటర్ వచ్చింది. దానికి రాసిన ప్రోగ్రాము పేరు ‘డీడీటీ’. మన పెద్దవాళ్ళకి ఈ పేరు విడమర్చి చెప్పక్కర్లేదు. మలేరియా డిపార్టుమెంటు వాళ్ళు వీపున డబ్బా తగిలించుకుని వచ్చి, ఇంటి గోడలన్నిటికీ మందు కొట్టి, ద్వారం పక్కన తేదీ వేసిపోవడం మన ఊళ్ళలో వాళ్ళందరూ చూసినదే. అసలు డీడీటీ వాడకాన్ని అమెరికా 1972లో దాదాపు పూర్తిగా నిషేధించింది. కంప్యూటర్ డీడీటీ మాత్రం పేరుకి కొత్త అర్థాలు తగిలించుకుంటూ ఎన్నో యంత్రాల మీద ఇంకా చాలాకాలం బతికింది.

పోస్టుమార్టమా, నాడి పరీక్షా?

ఈ డీడీటీతో ఒక పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు ఎక్కువగా ప్రోగ్రాము చచ్చిపోయాకే దాన్ని పరీక్షించేవారు. కంప్యూటర్ ఆగిపోయిన క్షణంలో దాని జ్ఞాపకశక్తిలో ఉన్నదంతా కాగితాల మీద అచ్చుకొట్టి ఇచ్చేవారు. దాన్నే ‘కోర్ డంప్’ అంటారు. ఆ కట్టని బల్ల మీద పరుచుకుని, అంకెల మధ్య హంతకుడి కోసం వెతకాలి. వైద్యంలో చెప్పాలంటే అది పోస్టుమార్టం.

డీడీటీ లాంటివి వచ్చాక నాడి పట్టుకుని చూసే వీలు కలిగింది. నడుస్తున్న ప్రోగ్రాముని తాను కోరిన చోట ఆపమనవచ్చు. ఆగినచోట లోపలి విలువలు ఏమిటో చూడవచ్చు. అవసరమైతే ఒక విలువని మార్చి, ‘ఇక నడువు’ అనవచ్చు. అలా ఆపే చోటునే ‘బ్రేక్‌పాయింట్’ అంటారు. అరవై ఏళ్ళు దాటినా మన పిల్లలు ఆఫీసుల్లో చేస్తున్నది మౌలికంగా ఇదే. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన జీడీబీ, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2000లో మొదలైన ఎల్ఎల్‌వీఎమ్ పరిశోధన మీద నిలబడి 2010లో బయటికి వచ్చిన ఎల్ఎల్‌డీబీ, అన్నీ ఆ డీడీటీ వంశంలోవే.

మన తెలుగువాళ్ళు ఈ దేశానికి గుంపులుగా వచ్చిన కాలంలో మాత్రం వాళ్ళ చేతిలో పెట్టింది ఎక్కువగా పోస్టుమార్టం కత్తే. 1990 నాటి వలస చట్టం హెచ్1బీ వీసాని ఇప్పటి రూపంలోకి తెచ్చి, ఏడాదికి 65,000 అని పరిమితి పెట్టింది. 1999, 2000 ఆర్థిక సంవత్సరాలకి దాన్ని 1,15,000 చేశారు. ఆ తర్వాత మూడేళ్ళు 1,95,000. ఎందుకంత అవసరం వచ్చింది? అందుకు ఒక పెద్ద కారణం వై2కే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లో రాశారు. 2000 రాగానే ‘00’ని 1900గా లెక్కకడితే బ్యాంకులు, బీమా కంపెనీలు, కరెంటు బిల్లులు ఏమైపోతాయోనని లోకం భయపడింది. అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, ఒక సూట్‌కేసు, రెండు ఆవకాయ సీసాలతో దిగిన ఆ తరం, ఎవరో ఎప్పుడో రాసి వదిలేసిన ప్రోగ్రాములని వరస వరసా చదివింది. మెయిన్‌ఫ్రేమ్ మీద పనిచేసినవాళ్ళకి ‘ఎస్-జీరో-సీ-సెవెన్’ అంటే ఈ రోజుకీ గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది. అంకె ఉండాల్సిన చోట అంకె కానిదేదో ఉందని యంత్రం ఇచ్చే మరణ ధ్రువీకరణ పత్రం అది. 2000 జనవరి 1 నిశ్శబ్దంగా గడిచిపోయింది. ఏమీ జరగలేదు కదా, ఇంత హడావుడి ఎందుకని తర్వాత నవ్వినవాళ్ళున్నారు. చాలాచోట్ల ఏమీ జరగకపోవడమే ఆ శ్రమకి ఫలితం.

ఈ కథలో గమనించాల్సింది ఒకటుంది. వై2కేలో ఎవరూ చెయ్యరాని తప్పు చెయ్యలేదు. రాసినవాళ్ళు తమ కాలానికి సరిపోయేటట్టే రాశారు. తమ ఊహకి అందని విలువ ఒకటి వస్తుందని అనుకోలేదు, అంతే. పురుగుల్లో చాలా భాగం పుట్టేది అక్కడే. ‘జ్ఞా’ కథకి కూడా ఇదే కీలకం.

ఫోను చేతికి వచ్చాక

2007 జూన్ 29న ఐఫోన్ వచ్చింది. బయటివాళ్ళు యాప్‌లు రాసుకునే సరంజామాని ఆపిల్ 2008 మార్చిలో ప్రకటించింది. జూలై 10న యాప్ స్టోర్ తెరిచింది. ఆ అక్టోబరులో మొదటి ఆండ్రాయిడ్ ఫోను జీ1 అమ్మకానికి వచ్చింది. దీంతో డీబగ్గింగ్‌లో ఒక వింత పరిస్థితి ఏర్పడింది. అంతవరకు చాలామటుకు రోగీ వైద్యుడూ ఒకే యంత్రంలో ఉండేవారు. ఇప్పుడు రోగి చేతిలో ఇమిడే ఫోనులో, వైద్యుడు బల్ల మీద కంప్యూటర్‌లో. మధ్యన ఒక కేబుల్.

ఫోనులో ఒక చిన్న సహాయకుడిని కూర్చోబెడతారు. కంప్యూటర్ మీది డీబగ్గర్ “ఫలానా వరస దగ్గర ఆపు” అని కేబుల్ మీదుగా కబురు పంపుతుంది. సహాయకుడు ఆపి, లోపలి విలువలని తిరుగు కబురు చేస్తాడు. ఆండ్రాయిడ్‌లో ఈ వంతెనకి ‘ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్’ అనే పేరు. ఎవరు పడితే వారు ఫోను లోపలికి తొంగిచూడకుండా దానికి ఒక తలుపు పెట్టారు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తడితేగానీ డెవలపర్ల పేజీ కనిపించదు. ఏడడుగులు నడిస్తేనే సంబంధం కలిసినట్టు!

కంప్యూటర్ తెర మీదే ఒక నకిలీ ఫోనుని నడిపించే వీలు కూడా ఉంది. ఆపిల్ దాన్ని సిమ్యులేటర్ అంటుంది, ఆండ్రాయిడ్ వాళ్ళు ఎమ్యులేటర్ అంటారు. ఈ రెండు పేర్లలోనూ తేడా ఉంది. ఆపిల్ సిమ్యులేటర్ మ్యాక్ ప్రాసెసర్ మీదే నేరుగా నడుస్తుంది. బయటికి ఫోనులా కనిపిస్తుంది, లోపల బలం మ్యాక్‌ది. అందుకే సిమ్యులేటర్‌లో గుర్రంలా పరుగెత్తిన యాప్ అసలు ఫోనులో చతికిలపడటం మామూలే.

దీనికంటే తమాషా అయినది ఇంకొకటి. యాప్ తెరుచుకోవడానికి మరీ ఎక్కువసేపు తీసుకుంటే ఐఫోన్‌లోని కాపలాదారు దాన్ని చంపేస్తాడు. చంపి, అంకెలు అక్షరాలు కలిపి ‘ఏట్ బ్యాడ్ ఫుడ్’ అని చదువుకునేలా ఉండే ఒక కోడ్ రాసిపెడతాడు. పాపం, పాడైన తిండి తిని పోయిందట! కానీ డీబగ్గర్ తగిలించి యాప్ నడిపిస్తున్నప్పుడు ఆ కాపలాదారు పక్కకు తప్పుకుంటాడు. నిదానంగా ఒక్కో వరసా చూసుకునే అవకాశం మనకి ఉండాలి కదా మరి. దాని ఫలితమేమిటంటే, వాడేవాళ్ళ చేతిలో రోజూ చచ్చిపోయే యాప్, రాసినవాళ్ళ బల్ల మీద శుభ్రంగా నడుస్తుంది. డాక్టరు గది ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయినట్టు. అందుకని ఈ పనిలో ఉన్నవాళ్ళం మొదట నేర్చుకునే పాఠం ఇది: ‘నా దగ్గర బాగానే పనిచేస్తోంది’ అన్నది జవాబు కాదు. వాడే మనిషి దగ్గర, ఆ మనిషి ఫోనులో, ఆ మనిషి రాసే అక్షరాలతో ఎలా పనిచేస్తోందో చూడాలి.

గుడి యాప్‌లో లక్ష్మీకాంతమ్మ

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక ఊళ్ళో మన గుడి కోసం కుర్రాళ్ళు అర్చన పేర్లు నమోదు చేసే యాప్ రాశారనుకోండి. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించారు. అంతా బాగుంది. శ్రావణ శుక్రవారం నాడు ఐదు వందల పేర్లు వచ్చాయి. పూజారిగారి ఫోనులో జాబితా తెరవగానే యాప్ మూతపడింది. మళ్ళీ తెరిచారు, మళ్ళీ మూతపడింది.

ఇప్పుడు కుర్రవాడు ఫోనుని కంప్యూటర్‌కి తగిలించి, డీబగ్గర్ పట్టుకుని యాప్ నడుపుతాడు. మూతపడ్డ వరస దగ్గర అది ఆగుతుంది. ఎవరు ఎవరిని పిలిస్తే అక్కడిదాకా వచ్చిందో ఆ పిలుపుల దొంతర అంతా కనిపిస్తుంది. సర్వర్ నుంచి వచ్చిన బైట్లని అక్షరాలుగా మార్చే చోట ‘శూన్యం’ వచ్చిందని తెలుస్తుంది. ఐదు వందల పేర్లలో ఏది? ప్రతి పేరు దగ్గరా ఆపుతూ పోతే తెల్లారిపోతుంది. అందుకని బ్రేక్‌పాయింట్‌కి ఒక షరతు పెడతాడు: ‘మార్చినప్పుడు శూన్యం వస్తేనే ఆగు’. వెంటనే దొరుకుతుంది. ఆ పేరు లక్ష్మీకాంతమ్మ.

కంప్యూటర్ లెక్కలో లక్ష్మీకాంతమ్మ అంటే పద్నాలుగు గుర్తులు. పొల్లు ఒక గుర్తు, గుడి ఒక గుర్తు, సున్న ఒక గుర్తు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు. మొత్తం 42. సర్వర్‌లో పేరుకి కేటాయించినవి 40 బైట్లు. పదమూడు గుర్తులకి 39 పోగా మిగిలిన ఒక్క బైటులో చివరి ‘మ’ మూడోవంతు మాత్రమే పట్టింది. ఆ తెగిన ముక్క ఏ అక్షరమూ కాదు. యాప్ దాన్ని చదవలేక పడిపోయింది. అదే పేరు ఇంగ్లీషులో రాస్తే పదిహేను బైట్లే. సీతమ్మ అని తెలుగులో రాసినా 18 బైట్లే కాబట్టి సరిపోయేది. యాప్ పడిపోయింది పూజారిగారి ఫోనులో, పురుగు ఉన్నది ఎక్కడో సర్వర్‌లో. పేరు ముక్కలవుతుందని రాసినవాళ్ళకి తోచకపోవడం అసలు కారణం. నడుస్తున్న యాప్‌ని ఆపి, లోపలి విలువని కళ్ళతో చూస్తేగానీ ఇది బయటపడదు. “తెలుగు పేర్లు ఎక్కించకండి” అని గుడి తలుపు మీద కాగితం అంటించడం తేలికే. కానీ అది వైద్యం కాదు.

‘జ్ఞా’ లోపల జరిగినదేమిటి?

ఇప్పుడు అసలు కేసుకి వద్దాం. ఇక్కడ మెసేజిల యాప్‌లు రాసినవాళ్ళు తమ డీబగ్గర్‌లో చూసుకుంటే, పిలుపుల దొంతరలో పడిపోయిన చోటు వాళ్ళ కోడ్‌లో లేదు. అక్షరాలని తెర మీద బొమ్మలుగా అమర్చే ‘కోర్‌టెక్స్ట్’ అనే ఆపిల్ వారి భాగంలో ఉంది. అద్దెకున్నవాళ్ళ తప్పు కాదు, ఇంటి దూలమే విరిగింది. ఏ యాప్ అయినా అక్షరం చూపించడానికి అక్కడికే వెళ్ళాలి కాబట్టి అన్నీ పడ్డాయి.

కోర్‌టెక్స్ట్ లోపలి కోడ్ బయటివాళ్ళు చూడటానికి లేదు. అప్పుడేం చెయ్యాలి? లోపలికి వెళ్ళలేనప్పుడు బయట నుంచి ఒక్కో విలువా మారుస్తూ చూడాలి. అప్పట్లో మొజిల్లాలో పనిచేస్తున్న మనీశ్ గోరేగావ్‌కర్ సరిగ్గా ఆ పనే చేశాడు. ఒక్కో అక్షరమూ మార్చి మార్చి, ఎప్పుడు పడుతుందో ఎప్పుడు పడదో చూసి, సూత్రం రాబట్టాడు. ఆ సూత్రం చూస్తే మన ‘జ్ఞా’ నిర్దోషి అని తేలిపోతుంది.

ఫోన్లని పడగొట్టిన ఆ వరసలో ఉన్నవి నాలుగు గుర్తులు కావు, ఐదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం అన్నవి నాలుగూ మనకి కనిపించేవి. ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనిపించని ఐదో గుర్తు ఒకటి ఉంది. దాని పేరు ‘జీరో విడ్త్ నాన్ జాయినర్’. వెడల్పు లేదు, రూపం లేదు. ‘ఇక్కడ కలపకు’ అని చెప్పడమే దాని పని. మనం రోజూ వాడేదే. ‘సాఫ్ట్‌వేర్’ అని రాస్తే ట్ కింద వ వత్తు పడకుండా ఆపేది అదే. దాని స్థానం పొల్లు తర్వాత. హల్లుకీ దీర్ఘానికీ మధ్య ఎవరూ దాన్ని పెట్టరు. మామూలుగా టైపు చేసిన జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞానం ఏ ఫోనునీ పడగొట్టలేదు.

అంతేకాదు. అక్కడ ఉండాల్సింది జ్ఞయే కానక్కర్లేదు. వత్తు ఉన్న ఏ తెలుగు అక్షరమైనా సరే, క్క, త్త, మ్మ, ఏదైనా, ఆ కనిపించని గుర్తుని మధ్యన దూర్చి దీర్ఘమో గుడో తగిలిస్తే అదే ఫలితం. ఐత్వానికి మాత్రం మినహాయింపు. బెంగాలీలోనూ, దేవనాగరిలోనూ అలాంటి వరసలు కొన్ని ఉన్నాయని అతనే చూపించాడు. కాబట్టి ఇది తెలుగు అక్షరం కథ కాదు. వత్తులుండే లిపుల కథ.

ఎందుకు జరిగిందో మన ఒకటో తరగతి పిల్లలకి కూడా అర్థమయ్యేలా చెప్పవచ్చు. జ్ఞా రాసేటప్పుడు ఞ కిందికి వెళ్ళి వత్తు అవుతుంది. దీర్ఘం వరసలో ఞ తర్వాత వచ్చినా, వెళ్ళి తగులుకునేది పైనున్న జకి. అంటే కంప్యూటర్ వెనక్కి నడిచి, జకి దీర్ఘం పెట్టాలి. ఇంగ్లీషులో ఈ గొడవే లేదు. అక్షరం పక్కన అక్షరం రైలుపెట్టెల్లా నిలబడతాయి. వెనక్కి నడిచే దారిలో ఎవరూ ఊహించని కనిపించని గుర్తు అడ్డం వచ్చేసరికి, కోర్‌టెక్స్ట్ తనది కాని జ్ఞాపకశక్తిని తాకి పడిపోయింది.

ఆపిల్ ఆ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. మ్యాక్, వాచ్, టీవీలకి కూడా అదే రోజు మందు ఇచ్చింది. పరీక్షలో ఉన్న 11.3లో అయితే అప్పటికే సరిచేసి ఉంది. వారు రాసిన వివరణ ఒక్క ముక్కలో: ప్రత్యేకంగా కూర్చిన అక్షరాల వరస వల్ల మెమరీ దెబ్బతింటోంది, లోపలికి వచ్చేదాన్ని ఇంకా జాగ్రత్తగా పరిశీలించేలా మార్చాం. అక్షరాన్ని దోషి అనలేదు. పరిశీలన చాలలేదన్నారు. కానీ శీర్షికలు చదివినంతమంది ఈ వివరణ చదవరు కదా!

ఇది మొదటిదీ కాదు, చివరిదీ కాదు. 2013లో ఒక అరబిక్ అక్షరాల వరస ఆపిల్ యంత్రాలని పడగొట్టింది. 2015 మేలో అరబిక్ అక్షరాలు, దేవనాగరి గుర్తులు కలిసిన ఒక మెసేజి ఐఫోన్లని ఆపేసింది. 2020 ఏప్రిల్‌లో సింధీ అక్షరాలు, ఇటలీ జెండా బొమ్మ కలిసి మరోసారి. ఈ జాబితాలోని అక్షరాలు ఎవరివో గమనించండి. పక్కపక్కన బుద్ధిగా నిలబడక, కలిసి, వంగి, ఒకదాని కింద ఒకటి చేరే లిపులవి. కోట్లమంది రోజూ రాసేవే. కానీ పరీక్షల బల్ల మీదికి వాటి వంతు ఆలస్యంగా వస్తుంది.

ఒక అక్షరమా, రెండా?

మన అక్షరాల్ని యంత్రానికి అర్థమయ్యేలా చెప్పడంలో ఈ దేశంలోని తెలుగువాళ్ళు చేసిన పని తక్కువది కాదు. కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్లే అరుదైన రోజుల్లో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. ఎందరో ఆ పద్ధతిలోనే మొదటిసారి కంప్యూటర్ మీద ‘అమ్మ’ అని రాసుకున్నారు. ఆ పునాది మీదే 1998లో ‘ఈమాట’ లాంటి పత్రిక ఇక్కడి నుంచి నడవగలిగింది. 1991లో వెలువడిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇంటింటికీ వచ్చింది.

అయినా యూనికోడ్ ఒక చిన్న ప్రశ్నకి సరైన జవాబు చెప్పడానికి చాలా ఏళ్ళు పట్టింది. ‘జ్ఞా’ ఒక అక్షరమా, రెండా? ఏ తెలుగు పిల్లవాడిని అడిగినా ఒకటే అంటాడు. అప్పటి యూనికోడ్ సూత్రాల ప్రకారం మాత్రం జ్ ఒకటి, ఞా ఒకటి, మొత్తం రెండు. కర్సర్ ఎక్కడ ఆగాలి, పేరులో ఎన్ని అక్షరాలున్నాయి అని యాప్‌లు అడిగినప్పుడల్లా వచ్చిన లెక్క ఇదే. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకి ఆ సూత్రాన్ని మార్చి, సంయుక్తాక్షరాన్ని ఒక్కటిగా లెక్కపెట్టారు. 1991 నుంచి 2023 దాకా! మన బడిలో పంతులుగారు తొలి ఏడాదే చెప్పే సంగతి లోకంలోని కంప్యూటర్లన్నిటికీ సూత్రమవడానికి ముప్ఫై రెండేళ్ళు పట్టింది.

మనం చెయ్యగలిగింది

ఈ దేశంలో తెలుగువాళ్ళు ఎందరో తమ జీవితంలో సగభాగం ఇతరుల ప్రోగ్రాముల్లో పురుగులు ఏరుతూ గడిపారు. బ్యాంకుల తేదీలు సరిచేశారు, విమానాల టిక్కెట్లు సరిచేశారు. ఆ విద్యలో పదోవంతు మన అక్షరం కోసం ఖర్చుపెడితే చాలునని నాకు అనిపిస్తుంది. అందుకు పెద్ద సంస్థలు, చందాలు అక్కర్లేదు.

యాప్‌లు రాసే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నా విన్నపం ఒకటే. మీ పరీక్షల జాబితాలో తెలుగు మాటలు నాలుగు చేర్చండి. లక్ష్మీకాంతమ్మని చేర్చండి, బైట్ల లెక్క బయటపడుతుంది. స్త్రీ, రాష్ట్రం చేర్చండి, వత్తు కింద వత్తు ఎలా కూర్చుంటుందో తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్ చేర్చండి, కనిపించని గుర్తుని మీ యాప్ పారేస్తోందో లేదో తెలుస్తుంది. జ్ఞానం చేర్చి, బ్యాక్‌స్పేస్ నొక్కి చూడండి. సిమ్యులేటర్‌తో సరిపెట్టక ఫోను తగిలించి నడపండి. పడిపోతే ఏ వరసలో, ఏ గుర్తు దగ్గర పడిందో రాసి సంబంధిత సంస్థకి పంపండి. ‘తెలుగు సరిగ్గా రావట్లేదు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ‘ఈ ఐదు గుర్తులు ఈ వరసలో ఇస్తే, ఈ వెర్షన్‌లో, ప్రతిసారీ పడిపోతోంది’ అని రాస్తే పట్టించుకోక తప్పదు.

ఈ పనిలో లేనివాళ్ళు కూడా చెయ్యగలిగింది ఉంది. మీ ఫోనులో భాషని ఒక నెల రోజులు తెలుగులో పెట్టి చూడండి. మెసేజిలు తెలుగు లిపిలోనే రాయండి. ఎక్కడైనా డబ్బాలు కనిపిస్తే, వత్తు విడిపోతే, పేరు తెగిపోతే, తెర ఫోటో తీసి, ఏం టైపు చేస్తే అలా వచ్చిందో పక్కన రాసి, ఇంట్లో కుర్రవాళ్ళకి ఇవ్వండి. వాడేవాళ్ళు లేని చోట పురుగు ఎప్పటికీ దొరకదు. పురుగు దొరకని చోట, రేపు నింద మళ్ళీ అక్షరం మీదే పడుతుంది.

శని ఆదివారాల్లో మనబడిలో కూర్చుని గుణింతాలు, వత్తులు దిద్దే మన పిల్లల్లో కొందరైనా రేపు ఇలాంటి కోర్‌టెక్స్ట్‌లు రాసే బల్లల దగ్గర కూర్చుంటారు. దీర్ఘం ఏ అక్షరానికి తగులుకుంటుందో వాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పలక మీద దిద్దిన చేతికి ముందే తెలిసి ఉంటుంది.